చెరిపితే పోయేది తప్పు ఒక్కటే కాదు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా చదువు విలువ గురించి, హక్కుల గురించి, అమ్మానాన్నల కష్టం గురించి వ్యాసాలు వస్తుంటాయి. అవన్నీ రావలసినవే. ఈసారి మేము కంప్యూటరు పనిలోని ఒక అలవాటు గురించి రాయదలచాం. పైకి చూస్తే అది ఒక కమాండుకు సంబంధించిన సంగతి. కానీ దాని వెనుక ఉన్న ప్రశ్న మనందరిదీ. పదిమంది కలిసి రాసుకుంటున్న పుస్తకంలో ఒకరు తప్పు రాశారు. ఆ పేజీని చింపివేయాలా? లేక తప్పును ఉన్నచోటనే ఉంచి, దాని కింద సరైనది రాయాలా?

చింపకూడదు, కింద రాయాలి అన్నది మా అభిప్రాయం. ఎందుకో వివరించడానికే ఈ వ్యాసం. మేమంటే ఇదే హాస్టల్లో ట్రంకు పెట్టెలు మోసుకుని పెరిగి, ఇప్పుడు ఎంసీఏ చదువుతున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం. మన హాస్టల్ నుంచి ఏటా కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు బీఎస్సీ కంప్యూటర్స్‌లో, పాలిటెక్నిక్‌లో, బీటెక్‌లో చేరుతున్నారు. వాళ్లు మొదటి ప్రాజెక్టు మొదలుపెట్టకముందే ఈ నాలుగు మాటలు చదివితే మంచిదని మా ఆశ.

గిట్ అంటే ఏమిటి?

ఒక సాఫ్ట్‌వేర్‌ను నలుగురైదుగురు కలిసి రాస్తున్నప్పుడు ఎవరు ఏమి మార్చారో, ఎప్పుడు మార్చారో లెక్క ఉండాలి. ఆ లెక్క చూసే సాధనాన్ని వెర్షన్ కంట్రోల్ అంటారు. నేడు ఎక్కువమంది వాడుతున్నది గిట్. లైనక్స్ కెర్నల్‌ను రాసేవాళ్లు అంతకుముందు బిట్‌కీపర్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకునేవారు. 2005లో ఆ ఉచిత సదుపాయం ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాయడం మొదలుపెట్టారు.

గిట్‌లో మనం పని భద్రపరచిన ప్రతిసారీ ఒక "కమిట్" తయారవుతుంది. ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయి, ఎవరు రాశారు, ఏ తేదీన రాశారు, ఎందుకు రాశారు, దానికి ముందున్న కమిట్ ఏది అన్నవన్నీ అందులో ఉంటాయి. వీటన్నిటినీ కలిపి లెక్కగట్టి గిట్ ఆ కమిట్‌కు ఒక గుర్తు ఇస్తుంది. సాధారణంగా అది 40 అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు. ముందున్న కమిట్ గుర్తు కూడా ఈ లెక్కలో కలుస్తుంది కాబట్టి కమిట్లన్నీ గొలుసు కడియాల్లాగా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గొలుసు మధ్యలో ఒక పాత కమిట్‌ను మార్చితే దాని గుర్తు మారిపోతుంది. దాని గుర్తు మారితే తర్వాతి కమిట్ గుర్తూ మారాలి. ఆ తర్వాతిది కూడా అంతే. కాబట్టి గిట్ చరిత్రలో ఒక్క అక్షరం దిద్దడం అనేది ఉండదు. అలా దిద్దామంటే ఆ చోటు నుంచి గొలుసు మొత్తం కొత్తగా తయారుచేశామని అర్థం. పాత గొలుసును పట్టుకుని పనిచేస్తున్న మిగతావాళ్లకు ఈ కొత్త గొలుసు సంగతి తెలియదు.

తప్పు దిద్దే రెండు దారులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. హాస్టల్ హాజరు, మెస్ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఐదుగురు కలిసి తయారుచేస్తున్నారు. సర్వర్‌లో ఉన్న ఉమ్మడి బ్రాంచ్‌లో ఒకటి నుంచి ఐదు వరకు కమిట్లు ఉన్నాయి. మూడో కమిట్‌లో బియ్యం లెక్క తప్పు పడింది. నాలుగు, ఐదు కమిట్లు వేరేవాళ్లు దాని మీద చేసిన పని.

మొదటి దారి: మన కంప్యూటర్లో గిట్ రీసెట్ కొట్టి రెండో కమిట్ దగ్గరకు వెనక్కి వెళ్లి, మళ్లీ సరిగ్గా రాసి సర్వర్‌కు పంపడం. మామూలుగా పుష్ చేస్తే సర్వర్ ఒప్పుకోదు. "నా దగ్గర ఉన్నది, నువ్వు తెచ్చినది కలవడం లేదు" అని తిప్పి పంపుతుంది. అప్పుడు ఫోర్స్ అన్న మాట చేర్చి పుష్ చేస్తారు. దానినే ఫోర్స్ పుష్ అంటారు. సర్వర్ నోరు మూసుకుని పాత గొలుసును వదిలేసి మనం ఇచ్చిన గొలుసును పట్టుకుంటుంది. మూడోదానితోపాటు నాలుగు, ఐదు కూడా బ్రాంచ్ నుంచి మాయమవుతాయి.

రెండో దారి: గిట్ రివర్ట్. మూడో కమిట్ గుర్తు చెప్పి రివర్ట్ కొడితే, ఆ కమిట్ చేసిన మార్పుకు సరిగ్గా వ్యతిరేకమైన మార్పుతో ఆరో కమిట్ తయారవుతుంది. మూడోదానిలో పది వరుసలు చేరి ఉంటే, ఆరోదానిలో ఆ పది వరుసలు తీసివేయబడతాయి. మూడోది ఎక్కడ ఉన్నదో అక్కడే ఉంటుంది. నాలుగు, ఐదు పదిలంగా ఉంటాయి. ఆరో కమిట్‌లో "ఫలానా కారణం చేత మూడోదానిని రద్దు చేస్తున్నాం" అని రాస్తాం. పుష్ మామూలుగానే వెళ్తుంది. మిగతా నలుగురు మామూలుగానే పుల్ చేసుకుంటారు. ఎవరి పనీ పోదు, ఎవరికీ గందరగోళం ఉండదు.

మొదటి దారిలో ఇంకొక ప్రమాదం ఉంది. మిగతావాళ్ల కంప్యూటర్లలో పాత గొలుసు అలాగే ఉంటుంది. విషయం తెలియక వాళ్లలో ఒకరు పాతదానిని, కొత్తదానిని మెర్జ్ చేసి పంపితే, మనం చెరిపామనుకున్న తప్పు మళ్లీ సర్వర్‌లోకి వచ్చి కూర్చుంటుంది. అంటే ఫోర్స్ పుష్ వల్ల ఉండవలసిన పని పోవచ్చు, పోవలసిన తప్పు తిరిగి రావచ్చు.

ఎవరికి ఎక్కువ నష్టం?

మా తరగతిలోనే జరిగిన ఒక సంగతి చెబుతాం. ఒక ప్రాజెక్టు జట్టులో ఐదుగురు. మర్నాడు ఉదయం రివ్యూ. సాయంత్రం ఒక మిత్రుడు పంపిన కమిట్ వల్ల లాగిన్ పనిచేయడం మానేసింది. ఆ సంగతి అతను రాత్రి పొద్దుపోయాక గమనించాడు. ఎవరికీ చెప్పకుండా తన కంప్యూటర్లో ఒక అడుగు వెనక్కి వెళ్లి ఫోర్స్ పుష్ చేశాడు. లాగిన్ బాగుపడింది. హాయిగా పడుకున్నాడు.

అయితే అతను తప్పు కమిట్ పంపిన తర్వాత, దానిని గమనించే లోపల, అదే జట్టులోని ఒక చెల్లెలు ఫీజుల రిపోర్టు భాగం పూర్తిచేసి పుష్ చేసింది. ఆ అమ్మాయికి సొంత ల్యాప్‌టాప్ లేదు. కాలేజీ ల్యాబులో కూర్చుని చేసుకుంది. ఆ ల్యాబు కంప్యూటర్లు ఆపి మళ్లీ వేస్తే అందులో మనం దాచినవన్నీ చెరిగిపోతాయి. ఆమె పనికి సర్వర్‌లో ఉన్నదే ఒకే ఒక్క ప్రతి. ఉదయం రివ్యూలో సర్వర్ తెరిచి చూస్తే ఫీజుల రిపోర్టు లేదు. గైడ్ గారు కమిట్ల జాబితా తీయించారు. ఆమె చేసిన మూడు రోజుల పని తాలూకు పేరు కూడా అందులో లేదు. "చేశానండీ" అనడమే తప్ప చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

అదృష్టం కొద్దీ జట్టులో నాలుగో మిత్రుడు ముందు రోజు రాత్రి పది గంటలకు పుల్ చేసి ఉన్నాడు. అతని ల్యాప్‌టాప్‌లో ఆ కమిట్ దొరికింది. దాని నుంచి కొత్త బ్రాంచ్ తీసి మళ్లీ పంపారు. ఆమె పేరు తిరిగి వచ్చింది. కానీ ఆ రెండు గంటల సేపు ఆ అమ్మాయి ముఖం చూసినవాళ్లం మేము. అందుకే ఈ విషయాన్ని కేవలం సాంకేతిక విషయంగా మేము చూడలేకపోతున్నాం.

ఆలోచించండి. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాడి పని సర్వర్ నుంచి పోయినా అతని దగ్గర ఇంకొక ప్రతి ఉంటుంది. గిట్‌లో రెఫ్‌లాగ్ అనే దినచర్య పుస్తకం ఉంది. గొలుసు నుంచి తెగిపోయిన కమిట్ల జాడ కూడా మామూలుగా 30 రోజుల వరకు అందులో దొరుకుతుంది. అయితే అది మన పని జరిగిన కంప్యూటర్లోనే ఉంటుంది. ల్యాబులో, నెట్ సెంటర్లో, అన్న దగ్గర అడిగి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో పని చేసుకునేవాళ్లకు ఆ ఆధారం కూడా ఉండదు. కాబట్టి ఉమ్మడి చరిత్రను బలవంతంగా మార్చితే దెబ్బ అందరికీ సమానంగా తగలదు. ఏమీ లేనివాళ్లకే గట్టిగా తగులుతుంది. మన హాస్టల్ పిల్లల్లో ఎక్కువమంది ఆ వరుసలోనే ఉన్నారు.

ఇది విద్యార్థుల దగ్గర మాత్రమే జరిగేది అనుకోకూడదు. 2013 నవంబరులో జెంకిన్స్ అనే ప్రసిద్ధ ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒకరి నుంచి పొరపాటున ఫోర్స్ పుష్ జరిగింది. ఒకటి కాదు, రెండు కాదు, 180కి పైగా రిపోజిటరీలలో బ్రాంచ్‌ల కొనలు పాత స్థానానికి జరిగిపోయాయి. ఆ తర్వాత చేరిన కమిట్లన్నీ కనబడకుండా పోయాయి. గిట్‌హబ్ సిబ్బంది సాయంతో, తమ దగ్గర ప్రతులున్న సభ్యుల సాయంతో వాటిని తిరిగి నిలబెట్టవలసి వచ్చింది. చేయి తిరిగినవాళ్ల దగ్గరే ఇలా జరిగితే, నిన్న మొన్న నేర్చుకున్న మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

చెరపాలని ఎందుకు అనిపిస్తుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. ఫోర్స్ పుష్ చేసిన మిత్రుడు చెడ్డవాడు కాదు. అతనికి రివర్ట్ అనే కమాండు తెలుసు కూడా. అయినా ఎందుకు వాడలేదు? రివర్ట్ కొడితే తప్పు జాబితాలో ఉండిపోతుంది. దాని పక్కన పేరు ఉంటుంది. రేపు గైడ్ చూస్తారు, ఎల్లుండి ఉద్యోగం ఇచ్చేవాళ్లు చూస్తారు. ఇదే భయం.

ఈ భయం మనకు కొత్తది కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు తరగతిలో వెనుక బెంచీలో కూర్చున్న ప్రతివాడికీ ఇది తెలుసు. పెద్దింటి పిల్లవాడు తప్పు చేస్తే పొరపాటు అంటారు. మనం చేస్తే చేతగానితనం అంటారు. ఒకరి తప్పు హాస్టల్ పిల్లలందరి ఖాతాలో పడుతుంది. అందుచేత మనవాళ్లలో తప్పును సరిదిద్దుకోవాలన్న ఆత్రుత కంటే, అది ఎవరి కంటా పడకూడదన్న ఆత్రుత ఎక్కువగా ఉంటుంది. ఆ ఆత్రుతను మేము తప్పు పట్టడం లేదు. దానికి కారణం మనం కాదు.

కానీ దాని ఫలితం ఏమిటో చూడాలి. చరిత్రను చడీచప్పుడు లేకుండా మార్చవచ్చు అని జట్టులో ఒకసారి ఒప్పుకుంటే, ఆ వీలు అందరికీ వస్తుంది. జట్టులో నోరున్నవాడికి, చొరవ ఉన్నవాడికి మరీ ఎక్కువగా వస్తుంది. ఈ రోజు మన తప్పును చెరిపిన చెయ్యే రేపు మన పనిని చెరపవచ్చు. అడగడానికి అప్పుడు ఆధారం ఉండదు.

రికార్డు మారిపోవడం అంటే ఏమిటో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. చదువు రాక వేలిముద్ర వేసిన కాగితంలో తర్వాత ఏ వరుస చేరిందో తెలియక నష్టపోయిన తరం వాళ్లది. పనికి వెళ్లి కూడా మస్టరులో పేరు లేక కూలి అందనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చిన తర్వాత, 2006 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టర్లను ఊరి మధ్య పెట్టి పేరు పేరునా చదివి వినిపించారు. "ఈ పని నేను చేయలేదు, నా పేరు ఎలా వచ్చింది?" అని, "నేను చేశాను, నా పేరు ఏది?" అని జనం లేచి అడగగలిగారంటే, అడగడానికి అక్కడ ఒక రికార్డు ఉండబట్టే. గిట్ చరిత్ర కూడా ఒక మస్టరు వంటిదే. ఎవరు ఏ రోజు ఏ పని చేశారో చెప్పే పుస్తకం అది. ప్లేస్‌మెంట్ సమయంలో "నీ పని ఏది?" అని అడిగితే చూపించవలసింది దానినే. అటువంటి పుస్తకంలో చెరిపివేతను మనమే అలవాటు చేయకూడదు.

సవరణకు మర్యాద ఉంది

తప్పు కనబడేలా దిద్దడం సిగ్గుపడవలసిన పని కాదు. మన హాస్టల్ స్టాక్ రిజిస్టరునే చూడండి. బియ్యం అంకె తప్పు పడితే వైట్‌నర్ పూయరు. ఒక గీత గీసి కొట్టివేసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం పెడతారు. కొట్టివేసిన అంకె కింద కనబడుతూనే ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి కొట్టివేతను చూసి అనుమానపడరు, వైట్‌నర్ చూస్తే అనుమానపడతారు. కామర్స్ చదివిన మిత్రులకూ ఇది తెలుసు. లెక్కల పుస్తకంలో తప్పు పద్దు పడితే గీకివేయరు, సవరణ పద్దు రాస్తారు.

అంతకంటే పెద్ద ఉదాహరణ మన రాజ్యాంగం. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో, మద్రాసు రాష్ట్రంలో వర్గాల వారీగా కాలేజీ సీట్లు కేటాయించిన ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది మొదటి సవరణ వచ్చింది. 15వ అధికరణానికి నాలుగో క్లాజు చేరింది. షెడ్యూల్డు కులాలకు, తెగలకు, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వానికి దాని ద్వారా వచ్చింది. డాక్టర్ అంబేద్కర్ అప్పుడు న్యాయశాఖ మంత్రి. ఆయన సారథ్యంలో ముసాయిదా తయారైన రాజ్యాంగాన్ని ఆమోదించి రెండేళ్లయినా కాకముందే సవరణ అవసరమైంది. రహస్యంగా పాత ప్రతులు వెనక్కి తెప్పించి కొత్తవి అచ్చువేయలేదు. పార్లమెంటులో చర్చించి, సవరణ అని పేరు పెట్టి, నెంబరు వేసి చేర్చారు. ఏ క్లాజు ఏ సవరణతో వచ్చిందో రాజ్యాంగం పేజీల అడుగున నేటికీ చదువుకోవచ్చు.

తర్వాత ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణ వచ్చింది. దానిలోని చాలా అంశాలను 1978లో 44వ సవరణ రద్దు చేసింది. 42వ సవరణ జరగనే లేదని ఎవరూ అనలేదు. దానిని రద్దు చేసింది కూడా ఒక సవరణే. గిట్ భాషలో చెప్పాలంటే అది రివర్ట్. 42 అక్కడే ఉంది కాబట్టి ఏమి జరిగిందో, ఎందుకు సరిదిద్దారో తర్వాతి తరాలు తెలుసుకోగలుగుతున్నాయి.

లైనక్స్ కెర్నల్ చరిత్ర తెరిచి చూస్తే "రివర్ట్" అన్న మాటతో మొదలయ్యే కమిట్లు ఎన్నో కనిపిస్తాయి. టోర్వాల్డ్స్ స్వయంగా చేసినవీ ఉన్నాయి. బయటకు వెళ్లిన చరిత్రను మామూలుగా మార్చకూడదని కెర్నల్ వాళ్లు తమ సూచనల్లోనే రాసుకున్నారు. పాత తప్పును సరిచేసే కమిట్‌లో, ఆ తప్పు ఏ కమిట్‌లో వచ్చిందో దాని గుర్తుతో సహా రాసే పద్ధతి కూడా అక్కడ ఉంది. అంత పేరున్నవాళ్లు బహిరంగంగా దిద్దుకుంటుంటే మనకెందుకు మొహమాటం? మా దృష్టిలో, కారణం రాసి ఉన్న ఒక రివర్ట్ కమిట్ ఆ విద్యార్థి బాధ్యత తెలిసినవాడని చెప్పే సాక్ష్యం.

కొన్ని అభ్యంతరాలు

"రివర్ట్లతో చరిత్ర చిందరవందర అవుతుంది" అని కొందరంటారు. నిజమే, కొంత అవుతుంది. అందుకే చిత్తు పుస్తకానికీ ఫెయిర్ రికార్డుకూ తేడా తెలియాలి. మనం ఇంకా పుష్ చేయని కమిట్లు మన చిత్తు పుస్తకం. వాటిని అమెండ్ చేసుకోవచ్చు, రీబేస్ చేసుకోవచ్చు, కొట్టివేసి మళ్లీ రాసుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మన ఒక్కరి సొంత బ్రాంచ్‌కూ దాదాపు అంతే. ఒకసారి ఉమ్మడి బ్రాంచ్‌లోకి వెళ్లిందంటే మాత్రం అది ఫెయిర్ రికార్డు. దాని మీద ఇంకొకరు పని కట్టుకుని ఉండవచ్చు.

ఇంకొక అభ్యంతరం గట్టిది. "పాస్‌వర్డో, విద్యార్థుల ఆధార్ నెంబర్లో పొరపాటున కమిట్‌లో వెళ్లిపోతే? రివర్ట్ చేసినా పాత కమిట్‌లో అవి కనబడుతూనే ఉంటాయి కదా?" నిజమే. ఇక్కడ రివర్ట్ చాలదు. కానీ ఫోర్స్ పుష్ ఒక్కటీ చాలదు. అప్పటికే ఎవరెవరు పుల్ చేసుకున్నారో తెలియదు కాబట్టి ముందుగా ఆ పాస్‌వర్డును మార్చివేయాలి. ఆధార్ వంటి మార్చలేని వివరాలైతే వాటి కోసం చరిత్రను తిరగరాయక తప్పదు. అది కూడా ఒక్కరు అర్ధరాత్రి చేసే పని కాకూడదు. జట్టంతా కూర్చుని, సమయం నిర్ణయించుకుని, అందరి పనినీ భద్రపరచి, చేసి, తర్వాత అందరూ కొత్తగా క్లోన్ చేసుకోవాలి. అసలు మన పిల్లల కుల ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ నెంబర్లు ప్రాజెక్టు డేటాలో వాడకుండా ఉండడమే అన్నిటికంటే మంచిది.

ఫోర్స్ తప్పనిసరి అయినచోట "ఫోర్స్ విత్ లీజ్" అనేది వాడాలి. మనం చివరిసారి చూసిన తర్వాత సర్వర్‌లో ఇంకెవరైనా పని చేర్చి ఉంటే అది పుష్‌ను ఆపుతుంది. ఆ రాత్రి మా తరగతి మిత్రుడు అదే వాడి ఉంటే చెల్లెలి పని పోయేది కాదు.

మనం చేయవలసింది

ఉమ్మడి బ్రాంచ్‌లో తప్పు కనబడగానే మొదట జట్టుకు చెప్పాలి. గిట్ లాగ్ తీసి తప్పు ఏ కమిట్‌లో ఉందో గుర్తించాలి. దానిని రివర్ట్ చేసి, కారణం రాయాలి. గిట్‌కు తెలుగు కూడా వస్తుంది, కాబట్టి జట్టుకు తెలుగు సులువైతే తెలుగులోనే రాయవచ్చు. పరీక్షించిన తర్వాతే పుష్ చేయాలి. ఒకటి కంటే ఎక్కువ కమిట్లు రద్దు చేయాలంటే కొత్తవాటి నుంచి పాతవాటి వైపు రావాలి. తర్వాతి కమిట్లు అవే వరుసలను ముట్టుకుని ఉంటే కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. భయపడకుండా ఆ వరుసలు రాసినవాళ్లను పిలిచి పక్కన కూర్చుని పరిష్కరించాలి.

మెర్జ్ కమిట్‌ను రద్దు చేసేటప్పుడు ఒక మెలిక ఉంది. ఏ వైపును ఉంచాలో గిట్‌కు విడిగా చెప్పాలి. అలా రద్దు చేసిన బ్రాంచ్‌ను బాగుచేసి మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు తిరిగి రావు. అవి ఇదివరకే కలిశాయని గిట్ అనుకుంటుంది. అప్పుడు ముందుగా ఆ రివర్ట్‌నే రివర్ట్ చేయాలి. ఇది తెలియక రోజుల తరబడి తలలు పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ప్రాజెక్టు మొదలైన రోజే ఉమ్మడి బ్రాంచ్‌ను ప్రొటెక్టెడ్ బ్రాంచ్‌గా పెట్టుకోవాలి. గిట్‌హబ్‌లో, గిట్‌ల్యాబ్‌లో ఆ ఏర్పాటు ఉంది. కాలేజీ సొంత సర్వర్ అయితే ఇటువంటి పుష్‌లను తిరస్కరించే సెట్టింగు గిట్‌లోనే ఉంది, ల్యాబు సార్‌ను అడిగి పెట్టించుకోవచ్చు. మనిషి నిద్రమత్తులో ఉన్నా తాళం పనిచేస్తుంది.

ఇవన్నీ కమాండ్లు, సెట్టింగులు. వీటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. రివర్ట్ చేసినవాడిని ఎవరూ ఎగతాళి చేయకూడదు. "నీ వల్లే కదా" అన్న ఒక్క మాటతో, తర్వాతిసారి అతను ఎవరికీ చెప్పకుండా చెరిపేవాడు అవుతాడు. తప్పు ఒప్పుకున్నవాడికి జట్టులో గౌరవం ఉంటే ఎవరికీ ఫోర్స్ పుష్ అవసరం రాదు. సీనియర్లు ఈ విషయంలో ముందుండాలి. ఈ సెలవుల్లో ఆదివారం స్టడీ అవర్‌లో గంట సేపు గిట్ తరగతి చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం. వార్డెన్ గారు అనుమతిస్తే, ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నా చాలు, చుట్టూ కూర్చుని నేర్చుకోవచ్చు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ముందు తరాలు చేసిన పనిలో ఎక్కువ భాగం ఏ పుస్తకంలోనూ వాళ్ల పేరుతో నమోదు కాలేదు. మన పేరు, మనం చేసిన పని, తేదీతో సహా నమోదయ్యే పుస్తకం మన చేతికి వచ్చింది. అందులో మన ఒప్పులు ఉంటాయి, తప్పులు ఉంటాయి, వాటిని మనం సరిదిద్దిన తీరు కూడా ఉంటుంది. మూడూ ఉండనిద్దాం. పక్కవాడి పేరును మాత్రం ఎన్నడూ చెరగనివ్వవద్దు.